“కొట్టలేదక్కా, గొంతు పట్టుకున్నాడంతే” అంటోంది. ఏం చేయాలి?

పక్కింటి అక్క · శనివారం ఉదయం 10:52

అందరికీ నమస్కారం. ఎప్పుడూ ఈ బెంగళూరు తెలుగువాళ్ల ఫోరంలో స్కూలు అడ్మిషన్ల గురించో, కావేరి నీళ్ల గురించో అడిగేదాన్ని. ఈ రోజు సంగతి వేరు. ఎవరైనా త్వరగా చెప్పండి.

మా పక్క ఫ్లాట్లో మనవాళ్లే ఉంటారు, సీమ వైపు నుంచి వచ్చారు. భార్యాభర్తలు, మూడేళ్ల బాబు. నిన్న రాత్రి పదకొండు దాటాక వాళ్ల వంటింట్లో స్టీలు గిన్నె పడ్డ చప్పుడైంది. మా రెండు వంటిళ్లకీ ఒకటే డక్ట్. ఆ తర్వాత అరుపు లేదు, ఏడుపు లేదు. అరుపు వినపడితే వెళ్లి తలుపు కొట్టేదాన్ని. ఏమీ వినపడలేదు కదా అని పడుకున్నాను.

పొద్దున్నే దోసెపిండి డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఈ ఎండల్లో మెడకు చున్నీ రెండు చుట్లు చుట్టుకుని ఉంది. “అక్కా” అంటే గొంతు పెగల్లేదు, గాలి మాత్రమే వచ్చింది. జలుబు అంది. కాఫీ ఇచ్చాను. ఒక్కో గుక్కకీ కళ్లు గట్టిగా మూసుకుని మింగుతోంది. ఎడమ కంటి తెల్లగుడ్డు మీద ఎర్ర బాల్‌పెన్నుతో పొడిచినట్టు చుక్కలు. అడిగితే నిద్ర లేదంది. అప్పుడు బాబు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, “నాన్న అమ్మను ఇట్లా” అని తన మెడ మీద తనే చెయ్యి పెట్టుకుని చూపించాడు.

ఇంక దాచలేక, “కొట్టలేదక్కా, గొంతు పట్టుకున్నాడంతే. గుర్తులు కూడా లేవు చూడు” అని చున్నీ తీసి చూపించింది. నిజంగానే ఏమీ లేదు. ఇప్పుడు ఇంటికి వెళ్లిపోయింది. అతను సాయంత్రం దాకా రాడు. గుర్తులే లేవు కదా, ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పి ఊరుకోవచ్చా? నాకెందుకో మనసు ఒప్పుకోవట్లేదు.

నైట్ డ్యూటీ · శనివారం 10:59

ఊరుకోవద్దు అక్కా. నేను క్యాజువాల్టీలో పనిచేసే డాక్టర్ని. గొంతు మారడం, మింగితే నొప్పి, కంట్లో ఎర్ర చుక్కలు. ఈ మూడూ కలిసి ఉన్నాయంటే గట్టిగానే నొక్కాడు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. సి.టి. స్కాన్ ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లండి, వీధి చివరి క్లినిక్‌కి వద్దు.

ఊపిరి ఆడట్లేదన్నా, మెడ ఉబ్బుతున్నా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు బరువెక్కినా, మూతి వంకర పోయినా ఆటో కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేయండి. గర్భవతేమో కూడా అడగండి. మిగతాది తర్వాత రాస్తాను, ముందు బయల్దేరండి.

మోడరేటర్ · శనివారం 11:04

అక్కా, మీ పోస్టులో ఉన్న ఏరియా పేరు, అంతస్తు, వాళ్ల ఊరి పేరు తీసేశాను. అతను కూడా తెలుగువాడే, ఇది ఎవరైనా చదవగలిగే చోటు. ఆమె ఫోన్‌కి ఈ లింక్ పంపకండి. చాలా ఇళ్లలో ఫోన్ లాక్ ఇద్దరికీ తెలుస్తుంది.

పక్కింటి అక్క · శనివారం 11:06

సరే. వెళ్తున్నాం. బాబును మా అత్తగారి దగ్గర వదిలాను.

తెల్లచామంతి · శనివారం 11:31

అక్కా, మీరు దారిలో ఉండి ఉంటారు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ల కింద నా మెడకు నా చున్నీనే బిగించాడు. ఎంతసేపో నాకు తెలియదు. ముందు చెవుల్లో జోరుమని హోరు, తర్వాత చుట్టూ నుంచి నలుపు మూసుకొచ్చింది. మళ్లీ తెలివొచ్చేసరికి నేల మీద ఉన్నాను, నైటీ తడిసిపోయి ఉంది. నాకు తెలియకుండానే ఒంటికి పోయింది. ఆ సిగ్గుతో అర్ధరాత్రి బాత్‌రూంలో కుళాయి కొంచెంగా తిప్పి, చప్పుడు కాకుండా ఆ నైటీ ఉతుక్కున్నాను. దెబ్బ సంగతి కంటే అది ఎవరికైనా తెలుస్తుందేమోనన్నదే నా టెన్షన్.

మర్నాడు ఒక ఆసుపత్రికి వెళ్తే “గాయాలెక్కడ?” అన్నారు. నొప్పి మాత్రలిచ్చి పంపారు. అమ్మకు ఫోన్ చేస్తే అమ్మ అడిగిన మొదటి మాట కూడా అదే, “గుర్తులున్నాయా?” లేవన్నాను. “అయితే సర్దుకో” అంది.

పన్నెండో రోజు పప్పు తిరగమోత పెడుతుంటే ఎడమ చేతిలోంచి గరిటె జారింది. తీద్దామంటే వేళ్లు ముడుచుకోలేదు. స్ట్రోక్ అన్నారు. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం లోపలి పొర ఆ రోజే చిరిగిందట, అక్కడ రక్తం గడ్డకట్టి పైకి వెళ్లిందట. అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్లు. ఇప్పుడు చెయ్యి చాలావరకూ పనిచేస్తుంది కానీ జడ వేసుకోలేను.

రెండో ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ “ఆ రోజు తెలియకుండా మూత్రం పోయిందా?” అని మెల్లగా అడిగింది. ఆ ప్రశ్న మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే చెప్పేదాన్ని. అక్కా, మీరు అడగండి. సిగ్గుపడి తనంతట తను చెప్పదు.

పెనుకొండ అన్న · శనివారం 12:10

చామంతి గారూ, చదువుతుంటే చెయ్యి ఆడలేదు. ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. కోపంలో మనిషి చొక్కా కాలరు పట్టుకుంటాడు, మెడ పట్టుకుంటాడు. చంపాలనే పట్టుకుంటాడా? నేను మా ఊళ్లో చాలా గొడవలు చూశాను, పెద్దవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకున్నాయి. ఈ అక్క వెంటనే ఆసుపత్రి, పోలీసులు అని వెళ్తే ఆ సంసారం ఏమవుతుందోనని అడుగుతున్నాను.

నైట్ డ్యూటీ · శనివారం 1:25

అన్నా, మీరు మంచి మనసుతోనే అడిగారు కాబట్టి వివరంగా చెబుతాను.

మెడ అంటే ఎముకల పెట్టెలో ఉన్న గుండె లాంటిది కాదు. మెదడుకి వెళ్లే, మెదడు నుంచి వచ్చే రక్తంలో చాలావరకూ చర్మం కింద కాస్త లోతులోనే పారుతుంది. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరలు సుమారు 2 కిలోల ఒత్తిడికే మూసుకుంటాయి. పైకి తీసుకెళ్లే ధమనులకు సుమారు 5 కిలోలు చాలు. గాలిగొట్టం మూయడానికి 15 కిలోల దాకా కావాలి. అందుకే “ఊపిరి ఆడుతూనే ఉంది, మాట్లాడగలిగాను” అన్న మనిషి కూడా ప్రాణాపాయం నుంచే వచ్చి ఉండొచ్చు. ధమనులు రెండూ మూసుకుంటే పది సెకన్లలోపే స్పృహ పోతుంది. అలాగే పట్టి ఉంచితే ప్రాణం పోవడం నిమిషాల పని. మీరు గడియారం చూస్తూ పది దాకా లెక్కపెట్టండి. చంపాలనుకోకుండా చంపేయడానికి ఆ కాస్త సమయం చాలు. ఎప్పుడు వదలాలో పట్టుకున్నవాడికి తెలియదు.

కంట్లో చుక్కలు ఎందుకొస్తాయంటే, కిందికి దిగే దారి మూసుకుపోయి పైకి ఎక్కే దారి తెరిచి ఉన్నప్పుడు రక్తం లోపల నిండిపోయి సన్నని నాళాలు పగులుతాయి. కంటిరెప్పల లోపల, చెవుల వెనక, నోట్లో అంగిలి మీద కూడా చూడాలి. అన్నీ ఒకేసారి మూసుకుంటే చుక్కలు రాకపోవచ్చు కూడా. చుక్కలు లేకపోతే ఏమీ జరగలేదని అనుకోకూడదు.

గుర్తుల సంగతి. అమెరికాలో శాన్ డియాగోలో పోలీసులకు అందిన 300 కేసుల ఫైళ్లు తిరగేసి చూస్తే, సగం మందికి మెడ మీద కంటికి కనపడే గాయమే లేదు. ఇంకా చాలామందికి ఉన్నది ఫోటోలో పడనంత చిన్నది. 2001లో అచ్చయింది ఆ అధ్యయనం. పైగా మన ఒంటి రంగు మీద కమిలిన మచ్చ తొందరగా తేలదు. మొదటి రోజు లేనిది మూడో రోజు కనపడొచ్చు. “గుర్తులున్నాయా?” అనేది మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. అది తప్పు ప్రశ్న. గొంతు ఎలా ఉంది, మింగగలుగుతున్నావా, కళ్లు చీకట్లు కమ్మాయా, మధ్యలో కొంచెంసేపు గుర్తు లేదా అని అడగాలి.

సంసారం సంగతి కూడా అడిగారు. నాన్సీ గ్లాస్ అనే పరిశోధకురాలి బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, భర్తో సహచరుడో అంతకుముందు ఒకసారి గొంతు నులిమి ఉంటే ఆ ఆడమనిషి తర్వాత అతని చేతిలో హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరిగిందని తేలింది. చెంపదెబ్బకూ దీనికీ తేడా అక్కడే ఉంది అన్నా. పెద్దల్ని కూర్చోబెడితే ఆమె అతని ఎదురుగా కూర్చుని “అవును, నులిమాడు” అనాలి. ఆ రాత్రి మళ్లీ అదే ఇంట్లో పడుకోవాలి.

పెనుకొండ అన్న · శనివారం 1:40

ఇది నాకు తెలియదమ్మా. పది దాకా లెక్కపెట్టి చూశాను.

నల్లకోటు · శనివారం 2:15

బెంగళూరులోనే ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసుల్లో సగం నష్టం మొదటి కాగితంలోనే జరిగిపోతుంది. “గొంతు పట్టుకున్నాడు” అని చెప్తారు, రాసేవాడు “మెడ పట్టుకుని నెట్టాడు” అని రాస్తాడు, అది చిన్న కొట్లాట కేసు అవుతుంది. ఏం జరిగిందో అది చెప్పండి. ఒక చేత్తోనా, రెండు చేతులతోనా, మోచేతి మడతలోనా, గుడ్డతోనా. ఎన్నిసార్లు. గోడకు ఆనించా, పడుకోబెట్టా. అప్పుడు అతను ఏమన్నాడు. “చంపేస్తా” అని ఉంటే అదే మాట, అతని మాటల్లోనే. ఆమెకు ఏం కనపడింది, ఏం వినపడింది, ఎలా వదిలాడు.

మన దేశంలో గొంతు నులమడానికి విడిగా సెక్షన్ లేదు. ఇంగ్లండులో 2022 జూన్ నుంచి ప్రత్యేక నేరం. ఇక్కడ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. భార్యను భర్తో అత్తింటివాళ్లో హింసించడం పాత చట్టంలో 498ఎ, ఇప్పుడు 85. హత్యాయత్నం పాత 307, ఇప్పుడు 109. 85కి మూడేళ్ల దాకా శిక్ష. 109కి పదేళ్ల దాకా, గాయం కూడా అయితే యావజ్జీవం దాకా ఉంటుంది. 109కి పెద్ద గాయం కనపడి తీరాలనేం లేదు, ఉద్దేశమూ ఆ పని చేసిన తీరూ చూస్తారు. అందుకే ఆ వివరాలన్నీ అడుగుతున్నాను.

ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టరు రాసే రికార్డు) రాయమని అడగండి. ముందు పోలీసు కేసు పెడితేనే చూస్తామని ఎవరైనా అంటే, 2005 గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం చికిత్స ఇవ్వాల్సిందేనని చెప్పండి. ఎం.ఎల్.సి. రాస్తే పోలీసులకు కబురు వెళ్తుంది, వాళ్లొచ్చి అడుగుతారు. ఏం చెప్పాలో ఆమె ఇష్టం. కానీ ఇవాళ్టి కాగితం ఇవాళే పుట్టాలి.

కె.ఆర్. పురం రైలు · శనివారం 2:32

లాయరు గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. ఇక్కడ మనవాళ్లు వచ్చీరాని కన్నడలో “కత్తు హిడిదరు” అంటారు. అంటే పట్టుకున్నారు అని మాత్రమే. నులిమారు అనాలంటే “కత్తు హిసుకిదరు”. ఊపిరి ఆగిపోయింది అంటే “ఉసిరు కట్టితు”. మా చెల్లెలి విషయంలో ఈ ఒక్క మాట తేడా సరిచేయించడానికి స్టేషన్ చుట్టూ నెల రోజులు తిరిగాను. రాసినది చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టమనండి.

నల్లకోటు · శనివారం 2:40

చాలా మంచి మాట. చదివి వినిపించడం వాళ్ల బాధ్యత, ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

పక్కింటి అక్క · శనివారం 4:48

ఇప్పటికి కాస్త కూర్చున్నాను. మొదటి డాక్టరు టార్చి వేసి మెడ చూసి “నథింగ్” అన్నాడు. నేను ఇక్కడ చదివిందే చెప్పాను, కంటిరెప్ప తిప్పి చూడమన్నాను, మింగలేకపోతోందని చెప్పాను. సీనియర్‌ని పిలిచారు. ఆయన చూసి మెడ రక్తనాళాలకు రంగు మందు ఎక్కించి తీసే సి.టి. రాశారు. ఇ.ఎన్.టి. వాళ్లు ముక్కులోంచి సన్నని గొట్టం వేసి చూశారు. నాళాలు బాగానే ఉన్నాయట. స్వరపేటిక దగ్గర వాపు ఉందట, రాత్రికి ఇక్కడే ఉంచుతామన్నారు. వాపు పెరిగితే గాలి దారి మూసుకోవచ్చన్నారు. నేను ఉప్పునీళ్లు పుక్కిలించమని పంపేద్దామనుకున్న మనిషి.

చామంతి చెల్లీ, నువ్వు రాసింది అడిగాను. అందరూ బయటికెళ్లాక అడిగాను. చాలాసేపు గోడ వైపు చూసి తలూపింది.

ఒక విషయం నాకు అర్థం కాలేదు. ఒకసారి ముందు గిన్నె పడిందంటుంది, ఒకసారి తర్వాత అంటుంది. పోలీసమ్మ కూడా “ఒక్కో సారి ఒక్కోలా చెప్తున్నావు” అని విసుక్కుంది.

నైట్ డ్యూటీ · శనివారం 5:20

అది అబద్ధం కాదక్కా. మెదడుకి రక్తం అందని ఆ కాసేపు జ్ఞాపకం సరిగా నమోదు కాదు. ముందూ వెనకా అయిపోతుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఆమె తన ఊహతో నింపి చెప్పకుండా, గుర్తున్నంతే చెప్పమనండి. “ఇక్కడ నాకు గుర్తు లేదు” అన్న మాట కూడా రికార్డులో ఉండాలి. అది స్పృహ తప్పిందనడానికి ఆధారం కావొచ్చు.

ఇంకొకటి. ఆమె మెడ మీద గోళ్ల గీతలు ఉంటే చాలావరకూ ఆమెవే అయి ఉంటాయి, అతని వేళ్లు ఊడదీయబోయినప్పుడు పడతాయి. అతని చేతుల మీద కూడా గీతలో పంటిగాటో ఉండొచ్చు. అతను అవి చూపించి “చూడండి, నన్నే రక్కింది” అంటాడు. ఎలా పడ్డాయో ముందే చెప్పి ఉంచండి. ఫోటోలు ఈ రోజూ, రేపూ, ఎల్లుండీ తీయండి. ముఖం కనపడేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి.

తెల్లచామంతి · శనివారం 5:33

తలూపింది అన్నారు చూడండి, అక్కడే చదవడం ఆపేశాను. ఆ గుడ్డలు ఉతికేయకపోతే పక్కన పెట్టమనండి అక్కా.

పెనుకొండ అన్న · శనివారం 8:05

అతను ఇంటికొస్తే ఏమని చెప్తారక్కా? మీ ఇంట్లో కూడా పెద్దావిడ, పిల్లాడు ఉన్నారు.

పక్కింటి అక్క · శనివారం 8:17

అదే భయంగా ఉంది. ఏడింటికి వచ్చాడు. మా ఆయన నిలదీస్తానన్నాడు.

నల్లకోటు · శనివారం 8:21

నిలదీయొద్దు. ఆమె చెయ్యి జారిపోతోందని అతనికి తెలిసిన రోజే అన్నిటికంటే ప్రమాదం ఎక్కువ. గలాటా చేస్తే తలుపు తీయకుండా 112. సెక్యూరిటీకి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆమె డిశ్చార్జి అయ్యాక నేరుగా ఆ ఇంటికి పంపొద్దు. 181కి ఫోన్ చేస్తే సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు, కొన్ని రోజులు తలదాచుకోవచ్చు, బాబుతో సహా. ఇన్‌ఫాంట్రీ రోడ్డులో కమిషనర్ ఆఫీసులో వనితా సహాయవాణి అనే ఆడవాళ్ల సహాయ కేంద్రం ఉంది, 1091. లాయరు ఫీజు భయం ఉంటే 15100, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది.

పుట్టింటికి వెళ్లాలనుకుంటే ఇంకా మంచిది. గృహహింస కేసు బెంగళూరులోనే వేయాలని లేదు, తాత్కాలికంగా ఆమె ఎక్కడ ఉంటే అక్కడి మెజిస్ట్రేటు దగ్గర వేయొచ్చు. అతను దగ్గరికి రాకుండా, ఫోన్ చేయకుండా రక్షణ ఉత్తర్వు అడగాలి. అత్యవసరమైతే అతను లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు మీరితే అదే ఒక నేరం. ఫిర్యాదు కూడా ఏ స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్.ఐ.ఆర్. రాసుకుని ఇక్కడికి పంపాలి. స్టేషన్‌లో “ముందు కౌన్సెలింగ్‌కి వెళ్లండి” అంటే ఒప్పుకోవద్దు. ఇది మాటామాటా పెరిగిన గొడవ కాదని ఇ.ఎన్.టి. కాగితం ముందు పెట్టండి.

కె.ఆర్. పురం రైలు · శనివారం 8:44

ఆధార్, బాబు బర్త్ సర్టిఫికెట్, పాస్‌బుక్, బంగారం ఎక్కడున్నాయో ఆమెనే అడిగి రాసుకోండి. మీరు వెళ్లి తీయొద్దు. తర్వాత పోలీసుల్ని వెంటబెట్టుకుని తెచ్చుకోవచ్చు. మేము అలాగే తెచ్చుకున్నాం.

పక్కింటి అక్క · సోమవారం రాత్రి 9:30

రెండు రోజులు రాయలేకపోయాను. శనివారం రాత్రి అతను మా తలుపు కొట్టాడు. తీయలేదు, 112కి చేశాం, బండి వచ్చింది. ఆదివారం పొద్దున ఆమె అన్న ఊరి నుంచి వచ్చాడు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అతను కూడా మెడే చూశాడు. ఎవరు వచ్చినా ముందు మెడే చూస్తున్నారు. ఆదివారానికి కుడి చెవి కింద బొటనవేలంత మచ్చ తేలింది, పసుపు కలిసిన నీలం. ఫోటో తీశాను.

ఎఫ్.ఐ.ఆర్.లో మొదట 85, మామూలు కొట్టడం రాశారు. “హిడిదరు” అనే రాశారు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే. వాళ్ల అన్న సంతకం పెట్టనివ్వలేదు. “హిసుకిదరు, ఉసిరు కట్టితు” అని మళ్లీ రాయించాం. స్కాన్, ఇ.ఎన్.టి. కాగితాలు జతచేశాక 109 కూడా వేశారు. నేను సాక్షిగా గిన్నె చప్పుడు, పొద్దున గొంతు, కంటి చుక్కలు, బాబు చెయ్యి చూపించింది చెప్పాను. రాత్రి కారులో ఊరికి బయల్దేరారు.

తెల్లచామంతి · సోమవారం 9:52

స్ట్రోక్ సంగతి వాళ్ల అన్నకు చెప్పారా అక్కా? నాకు పన్నెండో రోజు వచ్చింది.

పక్కింటి అక్క · సోమవారం 9:58

చెప్పాను. చెయ్యి, మాట, మూతి, చూపు అని నాలుగూ కాగితం మీద రాసి అతని జేబులో పెట్టాను.

నైట్ డ్యూటీ · మంగళవారం ఉదయం 6:40

మంచి పని చేశారు. కొత్తగా తలనొప్పి, మెడనొప్పి పెరిగినా, ఒక కంటిరెప్ప వాలినా కూడా కలపండి. స్కాన్ బాగుందని నిర్లక్ష్యం చేయొద్దు. ఒక వారం మెత్తటి తిండి, మాట తక్కువ.

పక్కింటి అక్క · మూడు వారాల తర్వాత, ఆదివారం

అక్కడి కోర్టులో గృహహింస కేసు వేశారు, మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది. గొంతు ముప్పావు వంతు వచ్చిందట, పాట పాడబోతే విరుగుతోందట. రాగిసంకటి మింగగలుగుతోంది, చపాతీ ఇంకా అడ్డుపడుతోంది. బాబు రాత్రిళ్లు లేచి అమ్మ మెడ తడిమి చూసి పడుకుంటున్నాడట. డాక్టరమ్మా, చపాతీ సంగతికి మళ్లీ బెంగళూరు రావాలా, అక్కడే చూపిస్తే చాలా? బాబుకి ఎవర్ని కలవాలి?

నైట్ డ్యూటీ · ఆదివారం రాత్రి

మూడు వారాలైనా గట్టి తిండి అడ్డుపడుతోందంటే ఇ.ఎన్.టి. వాళ్లు గొట్టం వేసి మళ్లీ చూడాలి. ఊళ్లో ఆ సౌకర్యం ఉంటే అక్కడే చాలు, పాత సి.టి. సీడీ తీసుకెళ్లమనండి. బాబును జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపించి, పిల్లల మానసిక వైద్యం ఎక్కడుందో అడగమనండి. ఈలోగా మెడ తడిమినప్పుడు చెయ్యి తీసేయొద్దని చెప్పండి.